ప్యాట్ సమిట్‌లాంటి కోచ్ కావాలనుకుంటున్న ఒక కొత్త కోచ్‌కు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఈ ఏడాది ఒక మహిళా డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా చేరారు. బాస్కెట్‌బాల్ జట్టు బాధ్యత మీ చేతికి వచ్చింది. అమెరికాలోని టెన్నెసీ విశ్వవిద్యాలయం మహిళల జట్టుకు 38 సీజన్లు కోచ్‌గా పనిచేసిన ప్యాట్ సమిట్ వీడియోలు చూసి, ఆమెలాగే కఠినంగా ఉండాలని నిశ్చయించుకున్నారు. మూడు నెలలు తిరగకముందే పద్నాలుగు మందిలో ఐదుగురు ప్రాక్టీసుకు రావడం మానేశారు. ఆమె దగ్గర పనిచేసిన పద్ధతి నా దగ్గర ఎందుకు పనిచేయలేదు, అసలు ఆమె జీవితం ఎలా సాగింది అన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై ఆరేళ్ళు మీ ఉద్యోగమే చేసి రిటైరయ్యాను. అన్నేళ్ళూ నేను ఎక్కువగా చదివింది, ఎక్కువగా ఆలోచించింది ఈవిడ గురించే. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను. మీరు చూసిన వీడియోలలో చాలావరకు ఆమె పేరు దేశమంతా మారుమోగిన తర్వాత తీసినవి. కోర్టు అంచున నిలబడి నీలికళ్ళతో గుచ్చి చూసే ఆ చూపు దగ్గరే మీరు ఆగిపోయారు. ఆ చూపు వెనక ఏముందో తెలియాలంటే ఒక పాడి రైతు ఇంటి నుంచి మొదలుపెట్టాలి.

ఆమె 1952 జూన్ 14న టెన్నెసీ రాష్ట్రంలోని క్లార్క్స్‌విల్‌లో పుట్టారు. పుట్టింటి పేరు ప్యాట్రీషియా స్యూ హెడ్. ఇంట్లో ట్రిష్ అని పిలిచేవారు. తండ్రి రిచర్డ్, తల్లి హేజెల్, ముగ్గురు అన్నలు, ఒక చెల్లెలు. పాడి, పొగాకు సేద్యం వారి బతుకుతెరువు. పాడి ఉన్న ఇంట్లో పెరిగినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. పండగైనా, జ్వరమైనా, ఇంట్లో పెళ్ళైనా తెల్లవారకముందే పాలు పితకాలి, సాయంత్రం మళ్ళీ పితకాలి. ఆవుకు ఆదివారం తెలియదు. రిచర్డ్ హెడ్ మాట తక్కువ మనిషి. మెచ్చుకోలు అంతకన్నా తక్కువ. పన్నెండేళ్ళ పిల్లను ట్రాక్టరు ఎక్కించి, గడ్డి పోగు చేయమని చెప్పి, పొలంలో ఒంటరిగా వదిలి తన పనికి తాను వెళ్ళిపోయారట. బడికి ఒక్కరోజు కూడా నాగా పెట్టనివ్వలేదు. సాయంత్రం పనులన్నీ అయ్యాక పశువుల కొట్టం పై అటక మీద, గడ్డి మోపుల మధ్య, అన్నలతో బాస్కెట్‌బాల్. చిన్నది కదా అని అన్నలెవరూ తగ్గి ఆడలేదు.

అదే రిచర్డ్ హెడ్, కూతురు చదవాల్సిన క్లార్క్స్‌విల్ హైస్కూల్లో ఆడపిల్లలకు జట్టు లేదని తెలిసి, కుటుంబాన్నంతా పక్కనే చీథమ్ కౌంటీలో ఉన్న హెన్రియెట్టా అనే పల్లెకు మార్చేశారు. నోటితో ఒక్క ముక్క మెచ్చుకోని మనిషి కూతురి ఆట కోసం ఇల్లు మారారు. ఈ రెండు విషయాలనూ కలిపి గుర్తుపెట్టుకోండి. ఆమె కోచింగ్ మొత్తం ఇక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం. మీరు మొదటిది మాత్రమే తీసుకున్నారు.

ఆ రోజుల్లో టెన్నెసీ హైస్కూళ్ళలో ఆడపిల్లలు ఆడిన ఆట వేరు. జట్టుకు ఆరుగురు. ముగ్గురు ఒక సగంలో ఉండి బంతి వేయాలి, ముగ్గురు రెండో సగంలో ఉండి అడ్డుకోవాలి. మధ్య గీత ఎవరూ దాటకూడదు. ఆడపిల్లలు కోర్టంతా పరిగెత్తలేరన్న నమ్మకం ఆ గీతలో ఉంది. అడ్డుకోవడం మాత్రమే నేర్చుకున్న అమ్మాయి కాలేజీ జట్టులో స్థానం ఎలా సంపాదిస్తుంది? ఆ పద్ధతిని తీసేయాలని గట్టిగా పట్టుబట్టినవారిలో తర్వాతి రోజుల్లో ప్యాట్ కూడా ఉన్నారు. 1979లో ఆ రాష్ట్రంలో అది పోయింది.

కాలేజీ చదువు టెన్నెసీ విశ్వవిద్యాలయం మార్టిన్ క్యాంపస్‌లో. అన్నలకు క్రీడా స్కాలర్‌షిప్పులు వచ్చాయి. ఆమె ఆట వారికి తీసిపోకపోయినా ఆడపిల్లలకు స్కాలర్‌షిప్ అన్నదే లేదు. అమ్మానాన్నలు ఫీజు కట్టారు. విద్యాసంస్థల్లో ఆడ, మగ తేడా చూపకూడదని చెప్పే చట్టం, అందరూ టైటిల్ నైన్ అనే చట్టం, 1972లో వచ్చింది కానీ దాని ఫలం అందడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆఖరి ఏడాదిలో మోకాలు తీవ్రంగా దెబ్బతిన్నది. ఇక ఆడటం కష్టమన్న మాట వినిపించినప్పుడు, మోకాలు బాగుచేయండి, ఈ పిల్ల ఒలింపిక్స్‌కు వెళ్ళాలి అని తండ్రి వైద్యుడికి తేల్చి చెప్పారట.

ఇక 1974. మీకు ఎక్కువగా పనికివచ్చే సంవత్సరం ఇదే, అందుకని నెమ్మదిగా చదవండి. నాక్స్‌విల్‌లోని ప్రధాన క్యాంపస్‌కు ఆమె ఎం.ఏ. స్థాయి చదువుకు, దానితోపాటు సహాయకురాలి ఉద్యోగానికి వచ్చారు. అప్పటి మహిళల కోచ్ సెలవు మీద వెళ్ళడంతో జట్టు మొత్తం ఆమె మీద పడింది. అప్పటికి ఆమెకు 22 ఏళ్ళు. అంతకుముందు ఒక్క మ్యాచ్‌కు కూడా కోచ్‌గా పనిచేయలేదు. జీతం నెలకు 250 డాలర్లు. ఆ ఏడాది ఆమె రోజు ఎలా గడిచిందో ఊహించండి: వ్యాయామ విద్య తరగతులు చెప్పాలి, తన తరగతులకు వెళ్ళాలి, మోకాలికి కసరత్తులు చేయాలి, ఒలింపిక్ జట్టులో చోటు కోసం తాను సాధన చేయాలి, వీటన్నిటి మధ్య జట్టును నడపాలి. యూనిఫాంలు ఆమే ఉతికారు. బయటి ఊళ్ళకు వ్యాను ఆమే నడిపారు. ఒకసారి అవతలి కాలేజీ జిమ్‌లో నేల మీద పక్కలు పరుచుకుని అందరూ పడుకున్నారు. అంతర కళాశాలల పోటీలకు వెళ్ళి తరగతి గదుల్లో బల్లలు పక్కకు జరిపి పడుకున్న మనకు ఆ రాత్రి ఎలా ఉంటుందో తెలుసు.

ఆమె మొదటి ప్రాక్టీసులో పిల్లలను పరిగెత్తించిన తీరుకు కొందరు అమ్మాయిలు గీత దాకా పరిగెత్తి, వెనక్కి తిరగకుండా అలాగే మెట్లెక్కి తలుపు దాటి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఈ సంగతి ఆమె దాచుకోలేదు, తానే చెప్పారు. మీ ఐదుగురి సంగతి చదవగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆ తలుపే. కాబట్టి మొదట ఒక మాట: మీకు జరిగింది ఆమెకూ జరిగింది. ఆ తర్వాతి 38 ఏళ్ళలో ఆమె ఏం మార్చుకున్నారు, ఏం మార్చుకోలేదు అన్నదే మీరు చూడాల్సింది.

మొదటి మ్యాచ్ 1974 డిసెంబరు 7న మెర్సర్ జట్టుతో. 84-83తో, ఒకే ఒక్క పాయింటుతో ఓడిపోయారు. మొదటి గెలుపు జనవరిలో వచ్చింది. చూడటానికి వచ్చేవారు పట్టుమని వందమంది లేని రోజులవి. 1987 డిసెంబరులో అదే నాక్స్‌విల్‌లో, కొత్తగా కట్టిన థామ్సన్-బోలింగ్ ఎరీనాలో, టెక్సాస్ జట్టుతో ఆట చూడటానికి 24,563 మంది వచ్చారు. ఆ రెండు సంఖ్యల మధ్య పదమూడేళ్ళు ఉన్నాయి. ఆ జనాన్ని ఆమె ఊరూరా తిరిగి, ఎవరు పిలిచినా వెళ్ళి మాట్లాడి, ఒక్కొక్కరిగా కూడగట్టుకున్నారు.

ఆటగత్తెగా ఆమె 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆడారు. మహిళల బాస్కెట్‌బాల్‌కు ఒలింపిక్స్‌లో చోటు దొరికిన మొదటి సంవత్సరం అది. అమెరికాకు రజతం వచ్చింది, ఆ జట్టు ఇద్దరు కెప్టెన్లలో ఆమె ఒకరు. ఎనిమిదేళ్ళ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో అదే అమెరికా జట్టుకు కోచ్‌గా స్వర్ణం అందించారు. కానీ సొంత విశ్వవిద్యాలయంలో జాతీయ టైటిల్ మాత్రం అంత సులభంగా చిక్కలేదు. ఏడుసార్లు ఆఖరి నాలుగు జట్లలో నిలిచి, ఏడుసార్లూ ఉత్తచేతులతో తిరిగొచ్చారు. 1987లో, తన పదమూడో సీజన్‌లో, లూసియానా టెక్ మీద 67-44తో మొదటిసారి గెలిచారు. ఆ తర్వాత 1989, 1991, 1996, 1997, 1998, 2007, 2008. మొత్తం ఎనిమిది. మీరు మూడు నెలలకే లెక్క చూసుకుంటున్నారు, అందుకని ఆ పదమూడు అన్న అంకెను ఇక్కడ ప్రత్యేకంగా రాశాను.

ఇప్పుడు ఆమె కఠినత్వం గురించి. అవును, కఠినమే. తొలినాళ్ళలో ఒకసారి రాత్రి గడువు దాటి తిరిగొచ్చిన పిల్లలను, కోర్టు నాలుగు మూలలా చెత్తడబ్బాలు పెట్టించి, వాంతులు చేసుకునేదాకా పరిగెత్తించారు. మనస్ఫూర్తిగా చెబుతున్నాను, దయచేసి ఇది చేయకండి. మన ఎండల్లో, సరిగా తినకుండా వచ్చే పిల్లలతో అసలే చేయకండి. ఆమె గొప్పతనం అందులో లేదు. తర్వాతి రోజుల్లో ఆమె వేసిన శిక్షలు వేరుగా ఉన్నాయి. 2008 జనవరిలో డీపాల్‌తో షికాగో ప్రాంతంలో మ్యాచ్. క్యాండేస్ పార్కర్ అప్పటికి దేశంలోనే పేరున్న ఆటగత్తె, అది ఆమె సొంత ప్రాంతం, బంధువులంతా వచ్చి కూర్చున్నారు. రాత్రి గడువు తప్పినందుకు ప్యాట్ ఆమెను మొదటి సగమంతా బెంచీ మీద కూర్చోబెట్టారు. అరవలేదు, పరిగెత్తించలేదు. అందరికీ వర్తించే నియమం పార్కర్‌కూ వర్తించింది, అంతే. ఆ ఏప్రిల్‌లో పార్కర్‌తోనే ఎనిమిదో టైటిల్ గెలిచారు.

నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఒకటుంది. అది వీడియోలలో కనిపించదు. ప్రాక్టీసులో ఎవరైనా తప్పు చేస్తే ప్యాట్ సరిదిద్దేవారు. ఆ అమ్మాయి వెంటనే "రీబౌండ్" అనాలి. ఆటలో గురి తప్పి తిరిగొచ్చిన బంతిని అందుకోవడాన్ని అలా అంటారు. ఇక్కడ, మీరు చెప్పింది నాకు అందింది, ఆ తప్పు అయిపోయింది, తర్వాతి బంతి చూద్దాం అని అర్థం. ఎవరైనా బాగా ఆడితే ఆమె మెచ్చుకునేవారు. అప్పుడు ఆ అమ్మాయి "టూ పాయింట్స్" అనాలి, అంటే బుట్టలో బంతి పడితే వచ్చే రెండు పాయింట్లు. మెచ్చుకోలునూ వినాలి, విన్నట్టు చెప్పాలి. తిట్టు మాత్రమే చెవిలో పడి, మెచ్చుకోలు గాలికి పోవడం ఆడపిల్లల జట్లలో నేను వందసార్లు చూశాను. మన పిల్లలు తప్పు చేసినప్పుడు తల దించుకుంటారు, బాగా ఆడినప్పుడూ తల దించుకుంటారు. ఈ రెండు మాటల వల్ల తల పైకి లేస్తుంది. నేను నా జట్టులో దీన్ని కాస్త మార్చి వాడాను. తప్పు సరిదిద్దినప్పుడు "అందింది" అనేవారు, మెచ్చుకున్నప్పుడు "రెండు" అనేవారు. మొదటి వారం సిగ్గుపడ్డారు. నెల తిరిగేసరికి కోర్టు మీద ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలైంది. పక్క జట్టు అమ్మాయిలు ఇదేమిటని అడిగితే మా పిల్లలు చెప్పలేదు.

పిల్లలు ఆమెను "ప్యాట్" అని పేరుతోనే పిలిచేవారు. మొదటి ఏడాది జట్టులోని పెద్ద పిల్లలకూ ఆమెకూ వయసులో ఏడాది తేడా మాత్రమే, అప్పుడు మొదలైన అలవాటు చివరిదాకా ఉండిపోయింది. మన దగ్గర అది కుదరదు, మేడమ్ అనకుండా ఏ పిల్లా నోరు తెరవదు. దాని గురించి బాధపడకండి. ఏమని పిలుస్తున్నారన్నది కాదు, అర్ధరాత్రి కష్టం వస్తే మీకు ఫోను చేయగలరా లేదా అన్నది చూసుకోండి.

చదువు విషయంలో ఆమె నియమాలు ఆట నియమాలకంటే గట్టివి. తరగతిలో మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలి. తరగతి ఎగ్గొడితే మ్యాచ్ ఆడనివ్వరు. టెన్నెసీలో పూర్తికాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీతోనే బయటికి వెళ్ళింది. 38 ఏళ్ళలో ఒక్కరు కూడా తప్పలేదు. కోచ్‌గా ఆమె సాధించిన 1,098 గెలుపుల రికార్డును తర్వాత ఇతరులు దాటారు. స్టాన్‌ఫోర్డ్ కోచ్ టారా వాన్‌డర్వీర్ 2020 డిసెంబరులో దాన్ని అధిగమించారు. కానీ ఈ డిగ్రీల లెక్కను దాటడానికి వీల్లేదు, నూటికి నూరు తర్వాత అంకె లేదు కదా.

అమెరికాలో కాలేజీ కోచ్ ఉద్యోగంలో సగం కోర్టు బయట జరుగుతుంది. హైస్కూల్లో బాగా ఆడే పిల్లలను వెతకాలి, వాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలి, సోఫాలో కూర్చుని అమ్మానాన్నలకు నమ్మకం కలిగించాలి. షమీక్ హోల్డ్స్‌క్లాను న్యూయార్క్ నగరంలో క్వీన్స్‌లోని ఆస్టోరియాలో అమ్మమ్మ జూన్ పెంచారు. నగరం పిల్లను దక్షిణాదికి పంపడానికి ఒప్పించాల్సింది ఆ అమ్మమ్మనే. ఆ అమ్మాయి వచ్చి 1996, 1997, 1998 మూడేళ్ళూ టైటిళ్ళు గెలిపించింది. టమీకా క్యాచింగ్స్‌కు పుట్టుకతోనే వినికిడి లోపం. చిన్నప్పుడు తోటిపిల్లల వెక్కిరింతలు భరించలేక వినికిడి యంత్రాలు గడ్డిలోకి విసిరేసి, పెదవుల కదలిక చూసి నెట్టుకొచ్చింది. ప్యాట్, జట్టు శిక్షణ సిబ్బంది కలిసి ఆమెను కూర్చోబెట్టి మాట్లాడారు. యంత్రాలు మళ్ళీ పెట్టుకోమన్నారు, మాట స్పష్టం కావడానికి శిక్షణ ఇప్పించారు. ఆ తర్వాత ఆమె నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. చూడండి, రిచర్డ్ హెడ్ ఇల్లు మారిన సంగతి ఇదే. ప్రాక్టీసులో క్యాచింగ్స్‌ను ఆమె ఏమాత్రం తేలికగా వదిలి ఉండరు. కానీ ఆ అమ్మాయికి చెవులు తెచ్చిపెట్టిందీ ఆమే.

అలా ఆటగత్తెల ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళడంలో ఆమె ఎంతదూరం పోయారో చెప్పే సంఘటన ఒకటి. 1990 సెప్టెంబరు. నిండు గర్భిణి. అంతకుముందు చాలాసార్లు గర్భం నిలవక కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి. అయినా సహాయ కోచ్ మికీ డిమాస్‌తో కలిసి చిన్న విమానంలో పెన్సిల్వేనియాలోని మిషెల్ మార్సినియాక్ అనే అమ్మాయి ఇంటికి వెళ్ళారు. అక్కడే ఉమ్మనీరు పోయింది. మాట్లాడాల్సింది మాట్లాడాకే బయటికి వచ్చారు. తిరుగు ప్రయాణంలో నొప్పులు ఎక్కువవుతుంటే దారిలో వర్జీనియాలో దిగుదామని పైలట్లు అన్నారు. ఆమె ససేమిరా అన్నారు. ఆ ఏడాది ఆఖరి నాలుగు జట్ల పోటీలు సొంత ఊరు నాక్స్‌విల్‌లోనే జరిగితే, అక్కడి దాకా రానివ్వకుండా టెన్నెసీని ఓడించింది వర్జీనియా జట్టు. తన బిడ్డ ఆ రాష్ట్రంలో పుట్టకూడదని పట్టుబట్టి నాక్స్‌విల్ చేరారు. సెప్టెంబరు 21న కొడుకు టైలర్ పుట్టాడు. ఆర్నెల్లకు 1991 ఫైనల్లో అదే వర్జీనియాను అదనపు సమయంలో 70-67తో ఓడించారు. మార్సినియాక్ మొదట వేరే విశ్వవిద్యాలయంలో చేరి, తర్వాత టెన్నెసీకి మారి, 1996 టైటిల్ పోటీల్లో ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఈ కథను అందరూ ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. నేను చదివిన ప్రతిసారీ గుండె దడదడలాడుతుంది. ఆ పని ఎవరినీ చేయమని చెప్పను.

మార్సినియాక్‌తో ఆమెకు చాలా ఘర్షణ జరిగింది. గట్టిగా అరిస్తే ఒక పిల్ల రోషంతో ఆడుతుంది, ఇంకో పిల్ల ముడుచుకుపోతుంది. ఆమె ఈ తేడాను ఊహకు వదలలేదు. పిల్లల స్వభావం తెలుసుకోవడానికి వ్యాపార సంస్థలు వాడే ప్రశ్నపత్రం లాంటిది తెప్పించి ప్రతి ఒక్కరితో నింపించారు. మనకు అంత అవసరం లేదు. ఒక్కొక్కరి పక్కన కూర్చుని టీ తాగితే చాలా తెలుస్తుంది.

1996-97 సీజన్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మీ జట్టు ఇప్పుడు ఓడిపోతోందని రాశారు. అంతకుముందు ఏడాది విజేతలు. ఆ ఏడాది మాత్రం ఒకటి తర్వాత ఒకటి ఓడిపోయారు. కోర్టు మీద ఆటను నడిపించే పాయింట్ గార్డ్ కెల్లీ జాలీ మోకాలి శస్త్రచికిత్స వల్ల సీజన్ మొదట్లో ఆడలేదు. మొత్తం పది ఓటములు. టెన్నెసీ కోచ్‌కు అది అవమానం కిందే లెక్క. ప్యాట్ ఆ పిల్లలను రోజూ అదే సమయానికి ప్రాక్టీసుకు పిలిచారు, అదే డిఫెన్స్ నేర్పారు. జాలీ తిరిగొచ్చింది. మార్చిలో, ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని కనెక్టికట్ జట్టు ఎదురైంది. 91-81తో దాన్ని ఓడించారు. ఆ తర్వాత ఓల్డ్ డొమినియన్ మీద ఫైనల్ గెలిచారు. మరుసటి ఏడాది 39 ఆడి 39 గెలిచారు. అందరూ ఆ 39ని తలుచుకుంటారు. కోచ్ పని తెలిసినవారు ముందు ఏడాది పది ఓటములను తలుచుకుంటారు. పాలు తక్కువ ఇస్తోందని ఆవును పితకడం మానేసేవారెవరూ ఉండరు.

ఆమె జీవితంలో కోర్టు వెలుపల నష్టాలూ ఉన్నాయి. 1980లో చేసుకున్న పెళ్ళి 2008లో విడాకులతో ముగిసింది. కీళ్ళవాతం బాధించింది. తండ్రి నోట మెచ్చుకోలు వినడానికి ఆమె ఎంత కాలం ఎదురుచూశారో చదివితే కన్నీళ్ళు ఆగవు. 1996 టైటిల్ తర్వాత ఆయన వచ్చి కౌగిలించుకుంటే, తనకు గుర్తున్నంతలో అదే మొదటిసారని చెప్పుకున్నారు. అప్పటికి ఆమెకు 43 ఏళ్ళు. అందుకే కాబోలు, తన కొడుకును మాత్రం చిన్నప్పటి నుంచీ బస్సుల్లో, విమానాల్లో, బెంచీ పక్కన వెంట తిప్పుకున్నారు. నాన్న దగ్గర లోటుగా ఉన్నదాన్ని కొడుకు దగ్గరా, పిల్లల దగ్గరా సరిచేసుకున్నారు. "టూ పాయింట్స్" పద్ధతికి మూలం కూడా అదేనని నేను అనుకుంటాను.

డబ్బు సంగతి ఒక్క మాటలో చెబుతాను. నెలకు 250 డాలర్లతో మొదలైన ఆమె జీతం 2006లో ఏడాదికి పది లక్షల డాలర్లు దాటింది. మహిళల జట్టు కోచ్‌కు అంత జీతం అదే మొదటిసారి. పురుషుల జట్టుకు కోచ్‌గా రమ్మని సొంత విశ్వవిద్యాలయమే రెండుసార్లు అడిగింది. అది పైమెట్టు ఎలా అవుతుందని ఎదురు ప్రశ్న వేసి తన పిల్లల దగ్గరే ఉండిపోయారు.

2010-11 సీజన్‌లో ఏదో తేడా ఆమెకే తెలిసింది. ముప్పై ఏళ్ళకు పైగా నోటికి వచ్చిన ఎత్తుగడల పేర్లు సరిగ్గా ఆట మధ్యలో గుర్తుకు రాలేదు. తాళాలు కనిపించేవి కావు. కీళ్ళవాతం మందుల ప్రభావమేమో అనుకున్నారు. 2011 మే నెలలో మాయో క్లినిక్‌లో పరీక్షలు చేశారు. అల్జీమర్స్ తరహా మతిమరుపు వ్యాధి, చిన్న వయసులోనే మొదలైంది. అప్పటికి ఆమెకు 58, జూన్‌లో 59 నిండాయి. ఆగస్టు 23న పిల్లలను కూర్చోబెట్టి తానే చెప్పారు, అదే రోజు లోకానికీ చెప్పారు. తాను ఇంకా వారి కోచ్‌నేనని చెప్పారు. ఎన్నో ఏళ్ళు కోర్టు మీద ప్రత్యర్థిగా నిలిచి, ఆమెతో మాటలు కూడా సరిగా లేని కనెక్టికట్ కోచ్ జీనో ఆరియెమా, ఆమె పెట్టిన అల్జీమర్స్ నిధికి పది వేల డాలర్లు పంపారు.

ఆ చివరి సీజన్‌లో బెంచీ మీద ఆమె కూర్చునే ఉన్నారు. ఆట నడిపింది ఎక్కువగా హోలీ వార్లిక్. 1970లలో ఆమె దగ్గరే ఆడి, ఆ తర్వాత 27 ఏళ్ళు ఆమె పక్కన సహాయకురాలిగా కూర్చున్న మనిషి. టైమ్ అవుట్‌లో పలక మీద గీతలు వార్లిక్ గీసేవారు. ఆమె చెబుతున్నవన్నీ ప్యాట్ నేర్పినవే. తమ కాన్ఫరెన్స్, అంటే తమ ప్రాంతపు విశ్వవిద్యాలయాల కూటమి, టోర్నీ గెలిచారు. 2012 మార్చి 26న బేలర్ చేతిలో ఓడిపోయారు. 27 గెలుపులు, 9 ఓటములు. నాలుగేళ్ళు ఆడిన ప్రతి అమ్మాయీ ఒక్కసారైనా ఆఖరి నాలుగు జట్లలో నిలిచిన ఆనవాయితీ ఆ బ్యాచ్‌తో తెగిపోయింది. ఆ పిల్లలకు దక్కింది వేరే. మనిషి తన పనిని చివరి రోజు దాకా ఎలా చేస్తుందో వాళ్ళు దగ్గరగా చూశారు.

ఏప్రిల్‌లో ఆమె తప్పుకున్నారు. మరుసటి రోజు విలేఖరుల ముందు తన విజిల్ తీసి వార్లిక్ చేతిలో పెట్టారు. నాలుగేళ్ళ తర్వాత, 2016 జూన్ 28న, 64 ఏళ్ళ వయసులో నాక్స్‌విల్‌లో కన్నుమూశారు.

ఇక మీ ఐదుగురి గురించి. నా ఉద్యోగంలో మూడో ఏడాది ఒక అమ్మాయి రోజూ ప్రాక్టీసుకు అరగంట ఆలస్యంగా వచ్చేది. రోజూ పది రౌండ్లు పరిగెత్తించాను. నెలరోజులు మాట్లాడకుండా పరిగెత్తింది, తర్వాత రావడం మానేసింది. ఒక ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇంటి ముందు రెండు గేదెలు కట్టేసి ఉన్నాయి. అమ్మకు నడుము నొప్పి, పాలు పితికి కేంద్రానికి పోసి వచ్చేసరికి మొదటి బస్సు వెళ్ళిపోయేది. ఆ పిల్ల చెప్పలేదు, నేను అడగలేదు. పాడి ఇంటి బిడ్డ గురించి అన్ని పుస్తకాలు చదివిన నేను, నా ఎదురుగా ఉన్న పాడి ఇంటి బిడ్డను గుర్తుపట్టలేదు. ప్రాక్టీసు ముప్పావుగంట ఆలస్యంగా మొదలయ్యేలా మార్చాను. ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది, రెండేళ్ళు విశ్వవిద్యాలయం జట్టుకు ఆడింది. ఇప్పుడు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలు.

మీ నియమాలు అలాగే ఉంచండి, వాటిని సడలించమని నేను అనడం లేదు. ఈ ఆదివారం ఆ ఐదుగురిలో ఒకరి ఇంటికి వెళ్ళండి. తిరిగి రమ్మని అడగడానికి ముందు, వాళ్ళ ఊరి నుంచి మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోండి. అక్కడ ఏం తెలిసిందో నాకు రాయండి, ఆ తర్వాత ప్రాక్టీసు ప్రణాళిక గురించి మాట్లాడుకుందాం.